శివయ్య మామ ఫారం

ఆ ఏడు దసరాకు నెల ముందు ఒక మంగళవారం మా వార్డు ఆఫీసులో నాలుగు శాఖల వాళ్ళు ఒకే టేబుల్ చుట్టూ కూర్చున్నారు. బల్దియా అనే మున్సిపాలిటీ, పోలీసు, ఆరోగ్యం, రెవెన్యూ. చూడనివాళ్ళు నమ్మరు. నేను కూడా చాయ్ అయిపోగానే ఎవరి దారిన వాళ్ళు లేచిపోతారనుకున్నాను. కానీ రెండు గంటలు కూర్చున్నారు.

ప్రాజెక్టు ఆఫీసరు వేణుగోపాల్ సార్ కొత్తగా వచ్చిన మనిషి. బోర్డు మీద పెద్ద సున్నా చుట్టాడు. "ఫుట్‌పాత్ మీద పండేటోడు షెల్టర్‌ల మంచం అడిగితే ఆధార్ తెమ్మంటున్నం. ఆధార్‌కు పోతే అడ్రస్ తెమ్మంటున్నం. అడ్రస్ ఏడికెళ్ళి తెస్తడు? మంచముంటేనే గదా అడ్రస్! ఈ చక్కర్ బంద్ గావాలె. ఒక్క మనిషికి ఒక్కటే ఫారం. నాలుగు ఆఫీసులోళ్ళం అదే చూస్తం. చలి ముదరకముందే పని అయిపోవాలె."

అందరం చప్పట్లు కొట్టాం. నా చప్పుడే అందరికంటే గట్టిగా వినిపించి ఉంటుంది. దబీర్‌పురాలో మహిళా సంఘాల పని చూస్తుంటాను నేను. సంఘాల మీటింగులు పెట్టడం, ఎవరికి ఏ కాగితం తక్కువైందో చూసి తెప్పించడం నా నౌకరీ. కాగితం పనంటే నాకు పండగే. ఒక్కో గడీ నింపుకుంటూ పోతుంటే లోకంలో ఏ కష్టానికైనా ఒక గడి ఉంటుందనిపించేది.

ఆ ఫారాలతో వాడంతా తిరిగాను. రైల్వే స్టేషన్ గోడ పక్కన ఆరేళ్ళుగా ఉంటున్న రాహేలు అనే ముసలమ్మకు పది రోజుల్లో ఆడవాళ్ళ షెల్టర్‌లో మంచం వచ్చింది, ఆధార్ వచ్చింది, కంటి ఆపరేషన్‌కు తేదీ కూడా వచ్చింది. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. సార్ కూడా మీటింగులో "సుజన ఫారాలు చూసి నేర్చుకోండ్రి" అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ముందు రచ్చ గెలిచి, ఆ ఊపుతో ఇంటికి వచ్చాను.

ఇంట్లో శివయ్య మామ ఉన్నాడు.

ఆయనకూ మాకూ చుట్టరికం ఏమీ లేదు. పాలమూరు నుంచి కూలికి వచ్చిన మనిషిని మా మామగారు బర్రెల దగ్గర పెట్టుకున్నారు. మామగారు పోయారు, ఈయన ఉండిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా మా ఇంటి ముందు బర్రెల కొట్టంలో నులకమంచం మీదే ఆయన పడక. మా అత్తమ్మ మాణిక్యమ్మను వదినె అనేవాడు. నా భర్త నగేష్‌ను పాల సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళినవాడు, అతన్ని కొడుకా అనేవాడు. నన్ను బిడ్డా అనేవాడు.

అత్తమ్మ పొద్దున లేచింది మొదలు ఆయన్ని తిట్టేది. "ఓ శివయ్యా, నీకు గత్తర రాను, కుడితి తొట్టి గట్లనే ఇడిసిపెట్టినవ్! మనిషివా బర్రెవా?"

"బర్రెనే వదినె. బర్రెల నడుమ బర్రెనే అయిత గదా," అని ఆయన తాపీగా అనేవాడు. ఆమె తిట్టుకుంటూనే తట్టలో అన్నం పెట్టి, దాని మీద మాకు కూడా వేయనంత పెరుగు వేసి కొట్టం గుమ్మంలో పెట్టేది. గడప దాటి ఆయన ఎన్నడూ లోపలికి రాలేదు. రమ్మని మేమూ అడగలేదు.

గల్లీలో బర్రెలు దీపావళి దాటి ఉండకూడదని అప్పుడే నోటీసు వచ్చింది. పేడతో మురుగు మోరీలు నిండుతున్నాయని పక్కింటివాళ్ళ లొల్లి ఎప్పటినుంచో ఉన్నదే. ఊరి బయట పాల వ్యాపారి ఒకాయన మా నాలుగు బర్రెల్నీ తీసుకుంటానన్నాడు. సదర్ అయ్యాకనే ఇస్తానని అత్తమ్మ పట్టుబట్టింది. సదర్ అంటే దీపావళి వెళ్ళాక మా పాలవాళ్ళు చేసుకునే బర్రెల పండగ. ఒంటికి నూనె, కొమ్ములకు రంగు, మెడకు గవ్వల పట్టీలు కట్టి, డప్పులతో ఊరేగిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా మా బర్రెల సింగారమంతా శివయ్య మామ చేతిదే.

"కొట్టం తీసి షటర్ ఏసి దుకాణం కిరాయికిద్దాం," అన్నాడు నగేష్ ఒక సాయంత్రం అన్నం తింటూ. కంచన్‌బాగ్‌లో కాంట్రాక్టు పని అతనిది, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. "మరి శివయ్య కాక ఏడ పండుతడు?" అని కూడా అతనే అన్నాడు.

 ఉన్నవి రెండు గదులు. మేమిద్దరం, అత్తమ్మ, మా పాప స్రవంతి. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టుంది ఇల్లు. కానీ నిజం చెప్పాలంటే మెట్ల కింద, నగేష్ బండి పెట్టే చోట, ఒక నులకమంచం పడుతుంది. అది ముగ్గురికీ తెలుసు. ముగ్గురం పప్పు కలుపుకున్నాం.

నేనే అన్నాను, "నా ఫారం ఉంది గదా. మామకు షెల్టర్‌ల మంచం ఇప్పిస్త. పింఛన్ గూడ వస్తది."

అత్తమ్మ తలెత్తింది. "పింఛనా? మంచిదే. అడుగు."

మరునాడు కొట్టంలోకి వెళ్ళి చెప్పాను. ఆయన చుక్కబర్రె కాళ్ళు కడుగుతున్నాడు. "బర్రెలు పోతున్నయి గదా మామా. నీకు మంచిగ మంచం, దుప్పటి, రెండు పూటల బువ్వ. డాక్టరొచ్చి సూస్తడు."

"నీకు మంచిగనిపిస్తే రాయి బిడ్డా. నాకేమెరుక," అన్నాడు.

ఫారంలో చిక్కంతా ఒకచోట ఉంది. మొదటి జాబితాలోకి ఎక్కాలంటే అరవై దాటాలి, రోడ్డు మీద ఉండాలి, నా అనేవాళ్ళు ఉండకూడదు. ఎవరి ఇంటినో పట్టుకుని ఉండేవాళ్ళు రెండో జాబితా. వాళ్ళ వంతు వచ్చే ఏడు రావచ్చు, రాకపోనూవచ్చు. నాకేమో దీపావళి లోపల మంచం కావాలి. 'ఎక్కడ పండుకుంటారు' అన్న గడిలో 'రోడ్డు పక్కన' అని రాశాను. 'సొంతవాళ్ళు' అన్న గడిలో 'లేరు' అని రాశాను. ఆయన మేలు కోసమే అనుకున్నాను. షటర్ సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు లేదని అంటే మాత్రం మీరు నమ్మకండి.

అదే గల్లీలో సొంత ఇల్లున్న ఒక సాక్షి కావాలి. పక్కింటి బాలరాజ్‌ను అడగొచ్చు. కానీ అతను "అరే, శివయ్య మీ ఇంట్లనే ఉంటడు గదనే!" అంటాడు. గల్లీలో ఎవరిని అడిగినా అదే మాట అంటారు. కాబట్టి ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆమెనే పట్టుకున్నాను. "అత్తమ్మా, మామ పింఛన్ కాగితం, వేలుముద్ర ఏయి," అన్నాను. ఆమెకు చదువు రాదు. వేసింది. ఆమె మా అత్త అని ఆఫీసులో నేను ఎవరికీ చెప్పలేదు.

నేను మరిచిపోయిందల్లా ఒకటే. దళారులు తమవాళ్ళ పేర్లు ఎక్కించుకోకుండా, ప్రతి ఫారాన్నీ ఆ మనిషి ముందూ సాక్షి ముందూ పైకి చదవాలని సార్ పెట్టిన కొత్త పద్ధతి. ఆ పద్ధతి బాగుందని మీటింగులో చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

మంగళవారం ముగ్గురం ఆటోలో వార్డు ఆఫీసుకు వెళ్ళాం. శివయ్య మామ తెల్ల చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని పెళ్ళివారి మనిషిలా ఉన్నాడు. సార్ ఆయన్ని కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. అత్తమ్మ బెంచీ మీద కూర్చుంది.

"పెద్దాయనా, ఫారం చదువుత. మంచిగ ఇను. తప్పుంటే ఇప్పుడే చెప్పాలె," అన్నాడు సార్. "తర్వాత తప్పని తేలితే రాసినామె నౌకరీ పోతది. ఇందుల మొహమాటం లేదు."

సార్ చదివాడు. పేరు శివయ్య. వయసు అరవై ఏడు. పండుకునే చోటు, రోడ్డు పక్కన. భార్య, లేదు. పిల్లలు, లేరు. సొంతవాళ్ళు గానీ, చూసుకునేవాళ్ళు గానీ, ఎవరూ లేరు. ఈ సంగతి నాకు స్వయంగా తెలుసునని సాక్షి మాణిక్యమ్మ వేలుముద్ర.

నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. అత్తమ్మ బెంచీ కిర్రుమంది. ఆమె లేస్తుందని, అరుస్తుందని అనుకున్నాను. గల్లీ మొత్తానికి వినపడే గొంతు ఆమెది. ఆమె నా వైపు చూసింది, సార్ వైపు చూసింది, కొంగు సర్దుకుని మళ్ళీ కూర్చుంది.

"కరెక్టేనా పెద్దాయనా?"

శివయ్య మామ కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. ఆయనకూ చదువు రాదు.

"బరాబరుంది సార్," అన్నాడు.

బొటనవేలికి సిరా రాయించుకుని ముద్ర వేశాడు. వేలికి అంటిన సిరాను తలకు తుడుచుకున్నాడు. అంతే, రెండు నిమిషాల పని.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన డ్రైవరు పక్కన ఎక్కాడు. "ఎన్క చోటుంది మామా," అన్నాను. "ఈడ మంచిగుంది," అన్నాడు. ఆ మాట చివర బిడ్డా లేదు.

ఇంటికి వచ్చాక అత్తమ్మ వంటింట్లో నన్ను నిలదీసింది. "ఇరవై ఆరేండ్లు నా చేతి బువ్వ తిన్నోడు. గాయనకు ఎవ్వరు లేరని నాతోనే ముద్ర ఏయించినవ్. నీ కలం మస్తు నడుస్తదే!"

"గట్ల రాస్తెనే మంచం వస్తది అత్తమ్మా. ఉత్త కాగితం. కాగితంల రాస్తె లేకుంట పోతమా?"

"మంచం లేదు, మన్ను లేదు. మెట్ల కింద మంచం ఏయి. బండి బయట పెట్టుకుంటడు నా కొడుకు. నేను చెప్తున్న."

ఆ మాట కోసం ఆ ఇల్లు ఎన్ని రోజులు ఎదురు చూసిందో. ఆమె అననే అంది. అప్పుడైనా నేను సరే అనాల్సింది.

"ఇప్పుడు ఇంట్ల పెట్టుకుంటే నేను తప్పు రాసినట్టు తేలుతది. సార్ ఏమన్నడో ఇన్లేదా? నా నౌకరీ పోతది. మీ కొడుకు పని ఉన్నన్ని రోజులు ఉంటది, లేనన్ని రోజులు ఉండదు. అప్పుడు ఇల్లెట్ల నడుస్తది?"

మా వంటింటికీ కొట్టానికీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. దాని అవతల కుడితి కలుపుతున్న చప్పుడు ఆగిపోయింది. తర్వాత కాసేపటికి మళ్ళీ మొదలైంది.

మర్నాటి నుంచి శివయ్య మామే అడగడం మొదలుపెట్టాడు, "షెల్టర్ వ్యాను ఎప్పుడొస్తది?" అని. దీపావళికి వారం ముందు వచ్చింది. ఆయన సామానంతా ఒక గోనెసంచి. నులకమంచం ఇక్కడే వదిలేశాడు, అక్కడ ఇనుప మంచం ఇస్తారు కదా. స్రవంతి "తాతా, టాటా" అంది. నగేష్ డ్యూటీలో ఉన్నాడు, లేక ఉన్నానని చెప్పాడు. అత్తమ్మ బయటికి రాలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఆమె ఆయన్ని ఒక్క తిట్టు కూడా తిట్టలేదని నాకు తర్వాత తట్టింది.

షెల్టర్ బాగానే ఉంది. అది దాచను. స్టేషన్ వెనుక పాత ఫంక్షన్ హాలుకు సున్నం వేయించి ఇరవై మంచాలు వేశారు. డాక్టరు వచ్చి ఆయన దగ్గు చూశాడు, కళ్ళద్దాలు ఇచ్చారు, పింఛన్ ఫైలు కదిలింది. సర్కారు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఆయన మాత్రం ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా మా గల్లీ వైపు రాలేదు.

సదర్ నాటి పొద్దున బర్రెలు మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. నగేష్ నూనె గిన్నె పట్టుకుని పోతే చుక్కబర్రె ఒక్క తన్నుతో గిన్నెనూ మనిషినీ మోరీలో పడేసింది. గల్లీ చివర డప్పులు మొదలయ్యాయి. అత్తమ్మ కొట్టం మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది. "నడువు," అంది నాతో. "పోయి తోల్కొద్దాం. ఇగ ఈడనే ఉంటడు."

మేము అప్పుడు కూడా మా అవసరం కోసమే బయల్దేరామని నేను అంటాను. అత్తమ్మ సంగతి వేరేమో.

షెల్టర్ గుమ్మంలో వార్డెన్ అంజన్ రిజిస్టర్ పెట్టుకుని కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, నన్నూ పెద్దగా ఎరగడు. పండగ భోజనాలు పెట్టిస్తూ వేణుగోపాల్ సార్ పైన మేడ మీద ఉన్నాడు, గొంతు వినిపిస్తోంది.

"ఎవరు గావాలె అమ్మా?"

"శివయ్య. నా మరిది," అంది అత్తమ్మ. ఆమెకు ఫారం గుర్తు లేదు, వేలుముద్ర గుర్తు లేదు.

అంజన్ రిజిస్టర్ తిప్పాడు. "మరిదా? ఈడ ఎవ్వరు లేరని ఉంది గదమ్మా. ఉండు, సార్‌ను పిలుస్త. ఎవరు రాసిండ్రో అడగాలె."

 అప్పటికే శివయ్య మామ లోపలి నుంచి వస్తున్నాడు. క్షవరం చేయించుకున్నాడు, ముఖం నిండుగా ఉంది, కొత్త కళ్ళద్దాల్లోంచి అత్తమ్మను చూసి నవ్వబోయాడు. అంజన్ చేతిలో తెరిచిన రిజిస్టరూ, మేడ మెట్లూ, నేనూ ఆయనకు ఒకేసారి కనిపించి ఉంటాం. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఈమె నీ వదినెనా పెద్దాయనా?" అన్నాడు అంజన్.

"ఏడి వదినె సారూ. పాలోళ్ళు. ఒకప్పుడు ఆళ్ళింట్ల పనిచేసిన. ఎరికున్నోళ్ళు, గంతే."

"ఏం మాట్లాడుతున్నవయ్యా?" అంది అత్తమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. "సదర్, శివయ్యా. బర్రెలు ఆగుతలేవు. ఇంటికి రా."

"మీరు పోండ్రి అమ్మగారూ. టైమైతున్నది."

అమ్మగారూ అన్నాడు. అత్తమ్మ గోడ పట్టుకుంది.

ఆయన మా వెంట గేటు దాకా వచ్చాడు. వార్డెన్‌కు వినపడేటట్టు బర్రెల సంగతి చెప్పాడు, చుక్కదానికి ముందు నెత్తిన చెయ్యి పెట్టి ఆ తర్వాతే నూనె రాయాలని, చిన్నదాని కుడి కొమ్ము దగ్గర పుండుంది, అక్కడ రంగు పూయొద్దని. అది అయ్యాక గొంతు తగ్గించి నాతో అన్నాడు. "సార్ పైన్నే ఉన్నడు బిడ్డా. నీ మీదికొస్తది. జల్ది తోల్కపో వదినెను."

ఆ మేడకు పన్నెండు మెట్లు. తర్వాత పని మీద ఎన్నోసార్లు ఎక్కి దిగాను కాబట్టి లెక్క తెలుసు. ఆ పొద్దున ఆ పన్నెండు ఎక్కి, "సార్, నేను తప్పు రాశాను, ఈయన మా మనిషి" అంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నౌకరీ పోయేదేమో, పోకపోయేదేమో. ఎక్కలేదు. అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాను.

ఆ ఏడు మా బర్రెలు నూనె లేకుండా, రంగు లేకుండా ఊరేగింపు చివర నడిచాయి. మూడో రోజు లారీ వచ్చి తీసుకుపోయింది. కొట్టం ఉన్నచోట ఇప్పుడు షటర్ ఉంది, అందులో గాజుల దుకాణం నడుస్తోంది. అత్తమ్మ ఎవరినీ తిట్టదు. పొద్దున లేచి గుమ్మంలో కూర్చుంటుంది. స్రవంతి పాలు ఒలకబోసినా, నేను కూర మాడ్చినా "పోనీ తియ్" అంటుంది. ఆమె తిడితే బాగుండునని నగేష్ కూడా ఒకసారి అన్నాడు.

ఆరు నెలలకోసారి ఫారాలు మళ్ళీ సరిచూడాలి. ఈ ఎండాకాలంలో మగవాళ్ళ షెల్టర్ నా వంతుకే వచ్చింది. వేరే ఆమెకు ఇవ్వమని అడగొచ్చు, అడగలేదు. టేబుల్ వేసుకుని కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చారు. పదకొండో మనిషి శివయ్య మామ.

"బాగున్నవా మామా?" అన్నాను మెల్లగా.

"బాగున్న మేడం," అన్నాడు. పక్కన అంజన్ ఉన్నాడు.

వరసగా అడిగాను. పింఛన్ వస్తోందా, వస్తోంది. మందులు ఇస్తున్నారా, ఇస్తున్నారు. సొంతవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. ఆయన నాకంటే ముందే అన్నాడు.

"లేరు మేడం. రాసుకోండ్రి."

రాసుకున్నాను. ఇంకో గడి మిగిలింది. ఈసారి కొత్తగా పెట్టింది. ప్రాణం మీదికి వస్తే ఎవరికి కబురు చేయాలి? చాలామంది దగ్గర అది ఖాళీగానే వదిలేశాను. చదివి, ఆయన వైపు చూడకుండా కూర్చున్నాను.

 వెనక వరసలో ఎవరో జల్దీ అన్నారు.

"నీ ఫోన్ నంబర్ ఏసుకో," అన్నాడు. "సంఘం మేడం అని రాయి."

ఆయన చెప్పినట్టే రాశాను.